పొగాకు షెడ్డు వెనక గది

పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఈ మాట ఒక్కరికి కూడా చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు దేవునికి కూడా సూటిగా చెప్పలేదు. "తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు తండ్రీ" అని అన్నిటితో కలిపి మూటగట్టి, ఆమెన్ అనేసి లేచాను. తెలియక చేసింది కాదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. తెలిసినవాళ్ళ ముందు నోరు పెగలడం లేదు.

చిన్న సంగతే. వింటే మీరు, ఇంతేనా అనవచ్చు. మొదటి రెండేళ్ళు నేను కూడా ఇంతేనా అనుకునే బతికాను. దానివల్ల ఒక మనిషి ప్రాణం పోయిందా అని ఎవరైనా నిలదీస్తే, ఏమో అంటాను. ఆ ఏమో చాటున దాక్కునే ఇంతకాలం గడిపాను.

మాది ఉదయగిరికీ వింజమూరుకీ మధ్య ఒక మెట్ట ఊరు. బోర్లలో నీళ్ళున్న ఆసాములు పొగాకు వేస్తారు. నీళ్ళు లేని మేము ఆ పొగాకు గ్రేడింగుకు పోతాం. గ్రేడింగంటే, బ్యారన్ అనే కొట్టంలో సెగకు ఆరబెట్టిన ఆకును రంగును బట్టి వేరుచేసి కట్టలు కట్టడం. రేకుల షెడ్డులో నేలమీద కూర్చుని పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరుదాకా చేసే పని. ఆ పనికి ఆడవాళ్ళను పిలుచుకుపోయే మేస్త్రీని నేను. ఇంటర్ దాకా చదివాను, లెక్కాడొక్కా తెలుసు, ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెబుతాను. ఆసామితో నిలబడి మాట్లాడగలిగేది మా పేటలో నేనొక్కదాన్నే. పద్నాలుగు మంది ఆడవాళ్ళు నా మాట మీద వచ్చేవాళ్ళు. వాళ్ళకేదన్నా కష్టమొస్తే ముందు నాకు చెప్పుకోవాలి. మేస్త్రీ అంటే అందుకే గదా ఉండేది.

ఆ పద్నాలుగు మందిలో రూతమ్మ ఒకతె. మా ఆయన పినతండ్రి కొడుకు భార్య. నాకు తోడికోడలి వరస. నన్ను అక్కా అనేది. ఆకు చూసిందంటే చాలు, ఏ రంగు ఎటు పోవాలో కళ్ళకంటే ముందు చేతికే తెలిసేది. పని చేస్తూ సన్నగా కీర్తనలు పాడేది. శ్రుతి కలిసేది కాదు. మేం నవ్వితే, దేవునికి లేని బాధ మీకేంది అని ఇంకా గట్టిగా పాడేది.

షెడ్డు చుట్టూ అంతకుముందు కంపచెట్లు ఉండేవి. ముళ్ళయినా మరుగు ఉండేది. ఆసామి ఆ కంప కొట్టించి, చదును చేయించి, నిమ్మమొక్కలు నాటి కంచె వేశాడు. ఇవతలి పక్క రోడ్డు. బస్సులు, మోటారు సైకిళ్ళు. ఇక ఆడమనిషి ఎక్కడికి పోవాలి? చీకటి పడేదాకా పోకూడదు. పోకుండా ఉండాలంటే నీళ్ళు తాగకూడదు. ఇది ఒకరికి ఒకరు నేర్పింది కాదు. పొద్దున టీ మానేశారు. అన్నంలోకి మజ్జిగ మానేశారు. మధ్యాహ్నం ముద్ద దిగడానికి రెండు గుక్కలు, అంతే. షెడ్డులో పెట్టిన నీళ్ళ క్యాను సాయంత్రానికి దాదాపు నిండుగానే వెనక్కి పోయేది. బయట ఎండ మండుతుంటే, రేకుల కింద పొగాకు ఘాటుకు తల దిమ్మెక్కుతుంటే, అట్లా. ఆసామి ఒకసారి ఆ క్యాను చూసి, "నీ ముఠా ఆడోళ్ళు కూర్చుంటే లేవరమ్మా" అని మెచ్చుకున్నాడు. నాకు గర్వంగా అనిపించింది. దాచడమెందుకు, గర్వంగానే అనిపించింది.

పొగాకు కొనేవాళ్ళ తరఫున మనుషులు వచ్చి, కూలీలకు వసతులు ఉన్నాయో లేవో చూసి ఫోటోలు తీసుకోవడం అప్పుడే మొదలైంది. వాళ్ళకు చూపించడానికి ఆసామి షెడ్డు వెనక ఒక మరుగుదొడ్డి కట్టించాడు. చిన్న గది. లోపల తెల్ల టైల్సు, ఒక కొళాయి, ఆకుపచ్చ రంగు వేసిన రేకు తలుపు. తలుపుకు తాళం.

ఆ తాళంచెవి ఆసామి భార్య నా చేతిలో పెట్టింది. ఫోటోల వాళ్ళు వచ్చినప్పుడు తెరిచి చూపించమంది. మిగతా రోజుల్లో తెరవొద్దని ఆమె అనలేదు. ఇది నేను ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను, ఆమె తెరవొద్దని అని ఉంటే బాగుండునని. ఆమె అన్నది వేరే. "మీవోళ్ళకు తెరిస్తే తెరువు. కడిగేదానికి మాత్రం నేను మనిషిని పెట్టను. అది నువ్వే చూసుకోవాల" అంది.

సరే అని తలూపి వచ్చాను. దారిలోనే నిర్ణయం అయిపోయింది.

ఎందుకు? ఇక్కడ ఒక మాట చెప్పాలి. సాకు అనుకుంటే అనుకోండి. మా అవ్వ ఒకప్పుడు పెద్దవాళ్ళ ఇళ్ళలో దొడ్లు ఎత్తిన మనిషి. మా నాయనను మిషన్ బడిలో వేసింది ఆ పని ఆయనకు రాకూడదనే. నాయన నన్ను చదివించింది కూడా అందుకే. మన ఇంట్లో ఇంకెవరూ ఒకరి దొడ్డి కడగకూడదు అనేవాడు. అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా అనేవాడు. అట్లాంటిది, మేస్త్రీని, పద్నాలుగు మంది వాడిన దొడ్డిని చీపురు పట్టుకుని రోజూ నేను కడగాలా? మరి వంతులు వేసుకుని అందరం కడుక్కోవచ్చు గదా? ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. వంతులంటే నా వంతు కూడా ఉంటుంది గదా అనే ఆలోచన కూడా దాని వెనకే వచ్చింది.

అందుకని అందరికీ ఒకటే చెప్పాను. తాళం వేసుకున్నారు, తాళంచెవి ఆయమ్మ దగ్గర ఉంది అన్నాను. మా కోసం కట్టిన గదికి వాళ్ళు తాళం వేసుకోవడం మాలో ఎవరికీ వింతగా తోచలేదు. నేను అబద్ధం ఆడినట్టు కూడా అనిపించలేదు. వాళ్ళు నమ్మడానికి ముందే సిద్ధంగా ఉన్న మాట చెప్పాను, అంతే.

ఇంకొకటి ఉంది. దీన్ని రాయడానికి చేయి రావడం లేదు. ఆ గది నేను వాడుకున్నాను.

పొద్దున షెడ్డు తెరవడానికి అందరికంటే ముందు పోయేదాన్ని. సాయంత్రం తూకం చూసి అందరికంటే వెనక వచ్చేదాన్ని. ఆ రెండు పూటలా వాడుకుని, బక్కెట్టు నీళ్ళు కొట్టి శుభ్రంగా కడిగి, తాళం వేసి వచ్చేదాన్ని. అంటే కడిగాను గదా. రోజుకు రెండుసార్లు కడిగాను. ఇంకో నాలుగు బక్కెట్ల నీళ్ళు, ఇంకో పావుగంట ఒళ్ళు వంచడం. నేను కాపాడుకున్న మర్యాద అంత మాత్రమే. కంచే చేను మేసిందంటారు గదా, నా విషయంలో ఆ మాట కూడా చాలదు.

రూతమ్మ ఆ రోజు మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది. అన్నాలు తిన్నాక అందరూ మళ్ళీ కూర్చున్నారు. ఆమె కూర్చోలేక లేచి వచ్చింది. ముఖమంతా చెమట. నేను కట్టలు లెక్క పెడుతున్నాను.

"అక్కా, ఆ తాళంచెవి ఆయమ్మ కాడే ఉండాదా?"

"ఆయమ్మ కాడే. నా కాడ యాడుంటాది?"

"ఒక్కసారి అడగరాదా? రెండు దినాలుగా మంట. నిలవలేకుండా ఉండాను. పొత్తికడుపు కోసుకుపోతా ఉండాది."

"అడిగితే ఏమంటాదో నీకు తెలవదా? రేపట్నించి అందర్నీ ఇంటికాడే ఉండమంటాది. సాయంత్రం దాకా ఓర్చుకోవే."

ఆమె ఒక నిమిషం షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడింది. తర్వాత అంది:

"ఓర్చుకుంటాలే అక్కా. నా మూలాన నువ్వెందుకు మాటపడేది."

తాళంచెవి నా రవికలో, చిల్లర డబ్బుల చిన్న సంచిలో ఉంది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నా ఒంటికి తగులుతూనే ఉంది. రూతమ్మ పోయి తన చోట కూర్చుంది. ఆ రోజు పాడలేదు. నేను లెక్క తప్పి కట్టలు మళ్ళీ మొదటి నుంచి లెక్క పెట్టుకున్నాను.

ఆ వారంలో ఆమెకు చలిజ్వరం వచ్చింది. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన రెండు సూదులు వేశాడు, తగ్గింది. తగ్గగానే పనికి వచ్చింది. మళ్ళీ నెలకు జ్వరం తిరగబెట్టింది. మళ్ళీ సూదులు. నడుము నొప్పికి అంగట్లో బిళ్ళలు కొనుక్కుని మింగేది, అది కూడా నీళ్ళు ఒక్క గుక్కతోనే. మరుసటి ఏడాది కూడా అదే వరస. ఒక్క రూతమ్మే కాదు, మా వాళ్ళలో ముగ్గురు నలుగురికి ఆ మంట ఉండేది. దాన్ని వేడి చేసింది అనుకునేవాళ్ళం. సబ్జాగింజలు నానబెట్టి తాగమని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. తాగేది మాత్రం పని లేని రోజుల్లోనే.

ఆ రెండో ఏడు తెరుద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అప్పటికి రూతమ్మ ముఖం పీక్కుపోయి ఉంది, చూస్తే నాకే భయమేసేది. కానీ ఇప్పుడు తెరిస్తే ఏమని చెప్పాలి? తాళంచెవి ఎక్కడి నుంచి వచ్చిందనాలి? ఆయమ్మను అడిగి తెచ్చానంటే, మరి నిరుడే ఎందుకు అడగలేదంటారు. ఆయమ్మే ఎవరితోనన్నా అది మొదటి నుంచీ మీ మేస్త్రీ దగ్గరే ఉంది గదా అంటే? రూతమ్మ నా వైపు ఎట్లా చూస్తుంది? మొదటి రోజు కడగడానికి సిగ్గుపడి చెప్పిన అబద్ధాన్ని, రెండో ఏడు ఆ అబద్ధానికే సిగ్గుపడి కాపాడుకున్నాను. మూడో ఏడు తర్వాత ఆసామి పొగాకు మానేశాడు. ఆ గదిలో ఎరువుల బస్తాలు వేసుకున్నారు. తాళంచెవి తీసుకుపోయి ఆయమ్మకు ఇచ్చేశాను. ఆమె చూడకుండానే గూట్లో పడేసింది.

తర్వాత కొన్నాళ్ళకు రూతమ్మ కాళ్ళు వాచాయి. పొద్దున లేస్తే కళ్ళ కింద ఉబ్బు. నెల్లూరు తీసుకుపోతే కిడ్నీలు చెడిపోయాయన్నారు. నేనూ వెంట ఉన్నాను. డాక్టరు చిన్న వయసు ఆయన, ఓపికగా అడిగాడు. ఏం పని, ఎంత ఎండలో, ఏ నీళ్ళు, ఎన్ని నీళ్ళు. నీళ్ళు తాగేదాన్ని కాదు సార్ అని రూతమ్మ చెప్పింది. ఎందుకు తాగవు అని అడిగాడు. ఆమె సిగ్గుపడి నా వైపు చూసింది. ఆడమనిషి గదా, నన్ను చెప్పమని. నేను, అక్కడ పోయే చోటు లేదు సార్ అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి నాకు తెలియకుండానే రవిక మీదికి పోయింది. అప్పటికి తాళంచెవి నా దగ్గర లేదు కూడా.

దేనివల్ల వచ్చింది సార్ అని నేనే అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మళ్ళీ వచ్చిన ఆ జ్వరాలు, నొప్పి బిళ్ళలు, ఎండ, నీళ్ళు తాగకపోవడం, మీ నేలలోని నీళ్ళు, ఆలస్యంగా రావడం, అన్నీ కలిసి ఉంటాయి, ఏది ఎంత అని చెప్పలేమమ్మా అన్నాడు. ఆ మాటను ఇంటికి తెచ్చుకుని ఏళ్ళ తరబడి దాచుకున్నాను. ఏది ఎంత అని చెప్పలేరు. అయితే నాది ఎంత? వీసమెత్తా? సగమా? అసలు లేదా? ఎవరూ చెప్పలేరు. ఎవరూ చెప్పలేరనే గదా ఇన్నాళ్ళు నిద్రపోగలిగాను.

వారానికి రెండుసార్లు ఆత్మకూరు ఆస్పత్రిలో డయాలసిస్. రూతమ్మ మొగుడు, మా మరిది, ట్రాక్టరు పనికి పోకపోతే ఇల్లు గడవదు. నేనే తీసుకుపోయేదాన్ని. మూడున్నరేళ్ళు ఉదయగిరి బస్సులో ఆమె తల నా భుజాన పెట్టుకుని పోయి వచ్చాను. సొంత చెల్లెలికి కూడా ఇంత చేయరని పేటలో అందరూ అనేవాళ్ళు. నేను వద్దనలేదు. ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

డయాలసిస్ మొదలైనాక ఆమెకు నీళ్ళు కట్టడి చేశారు. రోజుకు ఇన్నే తాగాలి, పైన ఒక్క గుక్క తాగినా ఊపిరితిత్తుల్లోకి పోతాయన్నారు. రాగి చెంబుతో కొలిచి, పూటకింత అని ఇచ్చేది నేనే. ఎండాకాలంలో ఆమె పెదాలు ఎండిపోయి పగిలేవి. తడిగుడ్డతో తుడిచేదాన్ని. "అప్పుడు ఎదురుగా ఉన్నా తాగలేదు, ఇప్పుడు తాగుతానంటే ఇచ్చేవోళ్ళు లేరు, నా బతుకు చూడక్కా" అని నవ్వేది. ఎగతాళికి అనేది. నేను కూడా నవ్వాను. నవ్వి, వంటింట్లోకి పోయి, గోడకు ఆనుకుని ఏడ్చాను. ఒకరోజు ఇంకో గ్లాసు ఇవ్వమని నా కొంగు పట్టుకుంది. ఇవ్వనన్నాను. ఇవ్వకపోవడమే సరి. అయినా ఆ పూట ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

నిరుడు ఎండాకాలంలో పోయింది. యాభై కూడా నిండలేదు.

జ్ఞాపకార్థ కూడికలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నిలబడ్డాను. ఆ రోజు చెప్పేసి ఉండాల్సింది. చర్చి నిండా ఆ పద్నాలుగు మందిలో మిగిలినవాళ్ళంతా ఉన్నారు. నోరు తెరిచాను. రూతమ్మ ఎంత ఓర్పు గల మనిషో చెప్పాను. ఎంత బాధనైనా పంటి బిగువున ఓర్చుకునేది, ఎవరినీ నొప్పించేది కాదు అన్నాను. అందరూ ఏడ్చారు. ఏ ఓర్పును నేనే ఆమె మీద బలవంతంగా రుద్దానో దాన్నే ఆమె సుగుణమని చెప్పి కూర్చున్నాను. ఇంతకంటే నీచం ఉంటుందా?

ఉంది. పోయిన నెల జరిగింది.

రూతమ్మ కూతురు ప్రశాంతి నెల్లూరులో నర్సింగు చదువుతోంది. నేను షెడ్డులో ఉన్న రోజుల్లో నాలుగో తరగతి పిల్ల. సెలవులకు వచ్చి మా ఇంటికి వచ్చింది. చేతిలో కాగితాలు. ఒక రోగి సంగతంతా రాసుకు రమ్మని కాలేజీలో చెప్పారంట, వాళ్ళ అమ్మ గురించే రాస్తానంది. "జబ్బు ఒంట్లో పుట్టేది కాదు పెద్దమ్మా, మనుషులు బతికే పరిస్థితుల్లో నుంచి వస్తాదని మా మేడం చెప్పింది" అంది. పెద్ద కళ్ళు చేసుకుని, ఏదో కనిపెట్టినట్టు చెప్పింది. నేను కూడా తలూపాను. ఎంత హాయిగా ఉంది ఆ మాట! పరిస్థితులు. కరువు, కూలి బతుకు, కులం, ఎండ. అన్నీ నిజమే. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఆ పరిస్థితులు గాలిలో ఉండవు. ఎవరో ఒక మనిషి చేతుల మీదుగానే ఇంకో మనిషి దాకా వస్తాయి. మా షెడ్డులో వాటికి చేతులు నేను ఇచ్చాను.

ప్రశాంతి ఒక్కొక్క ప్రశ్నే చదువుతూ, నేను చెప్పింది రాసుకుంది. అమ్మ ఎన్ని గంటలు పని చేసేది? నీళ్ళు ఎక్కడివి? తర్వాత, "పని చేసే చోట మరుగుదొడ్డి ఉండిందా పెద్దమ్మా?" అని అడిగింది.

తల దించుకుని, పెన్ను పట్టుకుని, నా జవాబు కోసం ఆగింది. వాళ్ళమ్మ లాగే సన్నని వేళ్ళు. నేను గిన్నెలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఒక్కమాట చాలు. పదకొండేళ్ళలో దేవుడు నాకు ఇంత సులువైన ప్రశ్న ఎప్పుడూ ఇవ్వలేదు.

"లేదమ్మా" అన్నాను.

ఆమె రాసుకుంది.

ఆ కాగితాలు ఈపాటికి కాలేజీలో ఇచ్చేసి ఉంటుంది. ఎవరో చదివి ఉంటారు. పాపం, వసతి లేదు అనుకుని ఉంటారు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి వెళ్ళిపోయింది, అడగాల్సిన పిల్ల దగ్గర అబద్ధమాడాను. ఆ పిల్లకు ఎప్పటికైనా చెబుతానా? చెబుతానని మాట ఇవ్వలేను. నన్ను నేను ఎరుగుదును. ఈ కాస్తా రాసినందుకు మాత్రం గుండె మీది బరువు కొంచెం దించినట్టుంది. అంతకంటే నాకు రావలసింది ఏమీ లేదు.

ఆ కాగితంలో ఒక చోట తప్పు పడింది. అక్కడ ఉండిందని రాయాలి. శుభ్రంగా, నీళ్ళతో, తెల్లటి టైల్సుతో ఉండింది. మీ అమ్మ కూర్చునే చోటికి ముప్పై అడుగులు కూడా లేదు ప్రశాంతీ. నేనే తెరవలేదు.